చిలుక పలుకులూ, చిలుక అరుపులూ

తెలుగువాళ్ళం చిలుకను మురిపెంగా చూసుకున్నంతగా మరో పక్షిని చూసుకోలేదు. పాపాయి ముద్దుగా మాట్లాడితే చిలకపలుకులు. ఆలుమగలు అన్యోన్యంగా ఉంటే చిలకాగోరింకలు. జామపళ్ళలో చిలక కొట్టినదే తియ్యన. భోజనమయ్యాక ఇల్లాలు చుట్టి ఇచ్చే తమలపాకులు కూడా చిలకలే. చివరికి గోడమీద చొక్కా తగిలించుకునే కొయ్యకు సైతం చిలక్కొయ్య అని పేరు పెట్టుకున్నాం. ఇన్ని చిలుకల మధ్య ఒక్క సంగతి మాత్రం ఎవరూ చెప్పినట్టు కనపడదు. చిలుక అరుస్తుంది. చెవులు చిల్లులు పడేటట్టు అరుస్తుంది. పంజరం ఇంటికి తెచ్చుకున్న మర్నాడు తెల్లవారుజామున గాని ఆ సంగతి చాలామందికి తెలిసిరాదు.

కథల్లో చిలుక తరహా వేరు. సంస్కృతంలోని శుకసప్తతిలో మగడు ఊళ్ళో లేని వేళ గడప దాటబోయే ఇల్లాలిని చిలుక రాత్రికొక కథ చెప్పి ఆపుతుంది. అలా డెబ్భై కథలు. పాలవేకరి కదిరీపతి వాటిని తెలుగు పద్యాలలోకి తెచ్చాడు. ఆ కథలు చదువుకోవడానికి బాగానే ఉంటాయి గాని, చిలుకను పెంచినవాళ్ళు మాత్రం నవ్వుతారు. నిజం చిలుక దీపాలు పెట్టే వేళకే కొమ్మమీద కళ్ళు మూస్తుంది. రాత్రిపూట కథ చెప్పడం దానివల్ల అయ్యే పని కాదు. అది చెప్పేదేదైనా సూర్యుడితోపాటు మొదలుపెట్టి చెబుతుంది.

ఈ మధ్య పట్టణాల్లో, అందులోనూ అపార్టుమెంట్లలో, చిలుకజాతి పక్షులను పెంచే సరదా బాగా ప్రబలింది. ఆస్ట్రేలియావి, ఆఫ్రికావి, దక్షిణ అమెరికావి, రకరకాల పక్షులు మన బజార్లలో అమ్ముతున్నారు. కొనడానికి వెళ్ళినవాళ్ళు అడిగేవి రెండే ప్రశ్నలు. రంగు నిలుస్తుందా? మాట్లాడుతుందా? మూడో ప్రశ్న ఒకటుంది: ఇది రోజుకు ఎంత గోల చేస్తుంది? నా ఉద్దేశంలో మొదట అడగవలసినది అదే. పక్షి మాట్లాడితే రోజుకు పది నిమిషాలు మాట్లాడుతుంది. అరుపు ప్రతి ఉదయమూ, ప్రతి సాయంత్రమూ, దాని ఆయుర్దాయం ఉన్నన్నాళ్ళూ వినాలి. ఆ ఆయుర్దాయం కొన్ని జాతుల్లో యాభై అరవై ఏళ్ళు కూడా.

మాటకారితనానికీ గోలకూ సంబంధం లేదు. ఇది ముందు తెలుసుకోవాలి. మనకు స్వరపేటిక గొంతుపైన ఉంటుంది. పక్షికి శ్వాసనాళం అడుగున, అది రెండు ఊపిరితిత్తులకు చీలే చోట ఉంటుంది. అక్కడ పుట్టిన ధ్వనిని చిలుక తన లావుపాటి నాలుకతో మలచుకుంటుంది. మన మాటను అనుకరించేటప్పుడు ఈ పనితనమంతా చూపిస్తుంది. అరవవలసి వచ్చినప్పుడు ఆ సొగసులేవీ ఉండవు. ఉన్న ఊపిరంతా బిగించి ఒక్కసారిగా వదులుతుంది. పచ్చిమిరపకాయ పెడితే చిలుకకు మాటలు వస్తాయని మన పెద్దవాళ్ళ నమ్మకం. పసిపిల్లల నాలుకకు వసకొమ్ము రాసినట్టే ఇదీను. నిజానికి పక్షులకు మిరప ఘాటు తెలియదు. వంకాయముక్క తిన్నట్టే తింటాయి. మాటలు వచ్చేది మిరపకాయవల్ల కాదు, రోజూ ఎదురుగా కూర్చుని మాట్లాడే మనిషివల్ల.

అయితే అరుపు ఎందుకు? ఏ ఊళ్ళోనైనా సరే, చిలుకలు చేరే పెద్ద మర్రిచెట్టో రావిచెట్టో ఉంటే సాయంత్రం పొద్దుగూకే ముందు దాని కింద కాసేపు నిలబడండి. నాలుగు దిక్కులనుంచీ గుంపులు గుంపులుగా వచ్చి వాలతాయి. వాలినది ఊరుకోదు. "నేను వచ్చాను, నువ్వు వచ్చావా?" అని అరుస్తుంది. రెండోది జవాబిస్తుంది. కొన్ని వందల గొంతులు ఒక్కసారి హాజరు పలుకుతాయి. పావుగంటా అరగంటా ఇదే రభస. చీకటి పడగానే నిశ్శబ్దం. తెల్లవారితే మళ్ళీ హాజరు, తరవాత మేతకు ప్రయాణం. దట్టమైన ఆకుల్లో పచ్చటి పక్షి మరో పచ్చటి పక్షికి కనపడదు. గొంతే దానికి ఆధారం. గుంపునుంచి తప్పిపోయిన చిలుకకు డేగ తప్పదు. అందుచేత అరవడం దానికి ప్రాణరక్షణ.

పంజరంలో పెట్టినంతమాత్రాన ఆ అలవాటు పోదు. గుంపు మారుతుంది, అంతే. గుంపంటే ఇక మీరూ, మీ ఆవిడా, పిల్లలూ. మీరు స్నానానికి వెళ్ళి తలుపు వేసుకుంటే గుంపులో ఒకరు తప్పిపోయినట్టు లెక్క. పక్షి పిలుస్తుంది. జవాబు రాకపోతే ఇంకా గట్టిగా పిలుస్తుంది. "అబ్బబ్బ, నోరు మూసుకోవే!" అని మీరు లోపలినుంచి కేక వేశారనుకోండి, దానికి ప్రాణం లేచివస్తుంది. కేకకు కేక జవాబు వచ్చిందిగదా! మర్నాడు అదే కేక మరింత ఉత్సాహంగా వేస్తుంది. చాలా ఇళ్ళలో పక్షికి అరవడం నేర్పినవాళ్ళు ఆ ఇంటివాళ్ళే.

ఇప్పుడు ఏ పక్షి గొంతు ఎంతో చూద్దాం. ఇద్దరు మనుషులు కూర్చుని మామూలుగా మాట్లాడుకుంటే ఆ చప్పుడు 60 డెసిబెల్స్ అని లెక్క. 2000లో మన ప్రభుత్వం చేసిన శబ్దకాలుష్య నియమాల ప్రకారం ఇళ్ళుండే ప్రాంతాల్లో పరిసరాల చప్పుడు పగలు 55, రాత్రి 45 దాటకూడదు. రాత్రి అంటే పదింటినుంచి ఉదయం ఆరు దాకా. వేసవిలో మన కోస్తా ఊళ్ళలో ఐదున్నరకే పొద్దు పొడుస్తుంది కనుక, గట్టిగొంతు చిలుక ఉన్న ఇల్లు రోజూ ఆ అరగంట చట్టానికి అటువైపే ఉంటుంది. ఈ డెసిబెల్ లెక్కలో ఒక కిటుకుంది. సంఖ్య పది పెరిగితే ధ్వనిశక్తి పదింతలవుతుంది, చెవికి సుమారు రెట్టింపు వినపడుతుంది. కాబట్టి 60కీ 100కీ మధ్య తేడా మామూలు కూడికల తేడా కాదు.

మన రామచిలుకతో మొదలుపెట్టడం న్యాయమే గాని, దాని సంగతి త్వరగా తేల్చేస్తాను. రామచిలుకను పెంచడం నేరం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం రామచిలుకను గాని, భుజంమీద ఎర్రమచ్చ ఉండే పెద్దచిలుకను గాని, మరే దేశవాళీ చిలుకను గాని పట్టడం, అమ్మడం, ఇంట్లో ఉంచుకోవడం కూడదు. "మా తాతగారి కాలంనుంచీ మా ఇంట్లో ఉంది" అన్నా చెల్లదు. జోస్యం చెప్పే చిలుకకూ ఇదే చట్టం. 2024 ఏప్రిల్‌లో తమిళనాడులోని కడలూరులో ఒక ఎన్నికల అభ్యర్థికి చిలుకచేత జోస్యం చెప్పించిన మనిషిని అటవీశాఖవారు పట్టుకుని చిలుకలను స్వాధీనం చేసుకున్నారు. చిలుకను పంజరంలో పెట్టిన పాపానికే భద్రాచల రామదాసుకు చెర తప్పలేదని మనవాళ్ళు చెప్పుకునే కథ ఉండనే ఉంది. ఈ కాలపు చట్టం ఆ కథను కొంచెం ముందుకు నడిపిందనుకోవచ్చు. గొంతు సంగతంటారా, కీచుమని చెవిలో సూది గుచ్చినట్టుంటుంది. ఆ గొంతు ఇప్పుడు లండన్‌వాళ్ళకు కూడా పరిచయమే. పెంపకానికని సీమకు తీసుకుపోయిన చిలుకలు కొన్ని తప్పించుకునీ, కొన్ని వదిలిపెడితేనూ అక్కడ స్థిరపడి, పిల్లలు పెట్టి, వేలకొద్దీ అయ్యాయి. సాయంత్రాలు లండన్ పార్కుల్లో చెట్లమీద చేరి మన మర్రిచెట్టు రభసే చేస్తున్నాయి.

అంగళ్ళలో మనవాళ్ళు "లవ్ బర్డ్స్" అని కొనే చిన్నపిట్టలు చాలాభాగం లవ్ బర్డ్స్ కావు. వాటి అసలు పేరు బడ్జరిగార్. ముద్దుగా బడ్జీ. స్వస్థలం ఆస్ట్రేలియా. బరువు ముప్ఫై నలభై గ్రాములు. ఇంగ్లండుకు వీటిని ప్రాణాలతో మొదట తీసుకువచ్చినవాడు జాన్ గూల్డ్ అనే పక్షిశాస్త్రజ్ఞుడు, 1840లో. బడ్జీ పొద్దస్తమానం ఏదో ఒకటి గొణుగుతూనే ఉంటుంది. తెలుగులో వసపిట్ట అనే మాట దీన్ని చూసే పుట్టిందేమో అనిపిస్తుంది గాని, ఈ పిట్ట మన దేశానికి రాకముందే ఆ మాట ఉండి ఉండాలి. బడ్జీ గోల మనుషుల మాటకు కొంచెం అటూ ఇటూ, అంతే. తలుపు వేస్తే పక్కింటికి వినపడదు. నాలుగైదు కలిపి పెడితే మాత్రం టెలివిజన్ గొంతు పెంచవలసి వస్తుంది. టెలివిజన్ పెంచితే అవీ పెంచుతాయి. చుట్టూ చప్పుడు ఎక్కువైతే గొంతు హెచ్చించడం మనుషులకున్నట్టే బడ్జీలకూ ఉందని శాస్త్రజ్ఞులు పరీక్షించి చూశారు. వంటింట్లో మిక్సీ వేసినప్పుడల్లా పంజరంలో కచేరీ మొదలుకావడానికి ఇదే కారణం.

ఇంత చిన్నగొంతు పిట్టే మాటల్లో దిట్ట. ఇంగ్లండులో న్యూకాజిల్ పట్నంలో స్పార్కీ విలియమ్స్ అనే బడ్జీ ఉండేది. 1958లో బి.బి.సి. వారు మాట్లాడే పిట్టలకు పోటీ పెడితే అది గెలిచింది. ఐదువందలకు పైగా మాటలు వచ్చు దానికి. దాని మాటలతో గ్రామఫోన్ రికార్డు కూడా విడుదలయింది. 1962లో చనిపోతే దాని కాయాన్ని అక్కడి మ్యూజియంలో భద్రపరిచారు. ఆ తరవాత కాలిఫోర్నియాలో పక్ అనే మరో బడ్జీ 1,728 మాటలతో గిన్నిస్ పుస్తకానికెక్కింది. అది 1994లో పోయింది. బడ్జీ మాట వేగంగా, సన్నగా, ఒకదానిమీద ఒకటి పడుతూ ఉంటుంది. చెవి దగ్గర పెట్టి వినాలి. అందుకే ఎన్నో ఇళ్ళలో బడ్జీ మాట్లాడుతున్నా ఇంటివాళ్ళకు తెలియదు. మాట్లాడే చిలుక కావాలని వేలు పోసి పెద్ద పక్షిని కొనేవాళ్ళు ఈ సంగతి ఒక్కసారి ఆలోచించాలి.

నిజమైన లవ్ బర్డ్స్ ఆఫ్రికావి. చూడడానికి బడ్జీకంటే కొంచెం బొద్దుగా, పొట్టితోకతో ఉంటాయి. గొంతు మాత్రం బడ్జీకన్నా వాడి. పెద్దగా వినపడదు గాని, సన్నగా గీసుకుపోతుంది. తలనొప్పి మనుషులున్న ఇంటికి తగదు. కాక్‌టీల్ సంగతి వేరు. నెత్తిన కుచ్చు, చెక్కిళ్ళమీద నారింజరంగు బొట్టు ఉండే ఈ ఆస్ట్రేలియా పక్షి మాటలకంటే ఈలలు బాగా నేర్చుకుంటుంది. అదీ మగపక్షి. ఆడది దాదాపు మౌనవ్రతం. మగపక్షికి ఒక పాట నేర్పితే అది పాట మొత్తం వినిపించదు. మొదటి నాలుగు స్వరాలూ రోజుకు నాలుగువందల సార్లు వినిపిస్తుంది. కాబట్టి మీకు బాగా ఇష్టమైన పాట నేర్పకండి, కొన్నాళ్ళకు ఆ పాటమీద విరక్తి పుడుతుంది. కాక్‌టీల్‌కు మరో గుణముంది. చిమ్మచీకట్లో ఏ బల్లో కదిలినా ఉలిక్కిపడి పంజరమంతా టపటప కొట్టుకుంటుంది. అర్ధరాత్రి ఇంటిల్లిపాదీ లేస్తారు. పక్కన చిన్న బెడ్‌లైటు వేసి ఉంచితే ఈ బాధ చాలావరకు తప్పుతుంది.

ఇక అసలు చిక్కు తెచ్చిపెట్టే పక్షికి వస్తున్నాను. సన్ కన్యూర్ అని, దక్షిణ అమెరికాలో గయానా, ఉత్తర బ్రెజిల్ ప్రాంతాలది. అడవుల్లో ఇప్పుడు అంతరించిపోయే ప్రమాదంలో ఉంది గాని, పంజరాల్లో పుట్టించినవి మన నగరాల్లో విరివిగా అమ్ముతున్నారు. పసుపూ నారింజా కలిపి పోతపోసినట్టు ఉంటుంది. అరచేతిలో వెల్లకిలా పడుకుంటుంది. భుజమెక్కి చెవి గిల్లుతుంది. బరువు నూరు గ్రాములు దాటి ఎంతో ఉండదు. ఇంత చిన్నపిట్ట ఏం అరుస్తుందిలే అనుకుంటారు. దగ్గరనుంచి కొలిస్తే దాని కేక 100 డెసిబెల్స్ దాటుతుంది. ఒళ్ళు చూసి గొంతు అంచనా వేయకూడదని చెప్పడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కరలేదు.

విజయవాడలో నాకు తెలిసిన దంపతులున్నారు. ఆయన ఉద్యోగవిరమణ చేసి నాలుగేళ్ళయింది. పిల్లలిద్దరూ అమెరికాలో. మూడో అంతస్తులో మూడు గదుల ఫ్లాటు. ఇల్లు బోసిగా ఉందని సన్ కన్యూర్ల జత తెచ్చుకున్నారు. ఇంట్లో సందడి మొదలైంది. మనుమలకు పెట్టవలసిన పేర్లు వాటికి పెట్టుకున్నారు. నెల తిరక్కుండా కింది ఫ్లాటు ఇల్లాలు మెట్లెక్కి వచ్చింది.

"బాబాయిగారూ, ఏమీ అనుకోకండి. మావాడికి ఇంటర్ పరీక్షలండీ. తెల్లవారుజామున లేచి చదువుకుందామంటే మీ పిట్టలు సాగనివ్వడం లేదు. సాయంత్రం ట్యూషన్‌నుంచి వచ్చేసరికి మళ్ళీ అదే వరస."

"ఏం చెయ్యమంటావు తల్లీ! మా పిల్లలు ఆదివారం ఒక్కపూట మాట్లాడతారు. ఇవి రోజూ మాట్లాడతాయి" అన్నాడాయన.

ఆవిడ మళ్ళీ మాట్లాడలేదట. మెట్లు దిగిపోయింది. ఇటు చూస్తే ఒంటరితనం, అటు చూస్తే పరీక్షలు. ఎవరిది తప్పంటాం? ఆయన మంచి మనిషి కనుక పంజరాన్ని తీసుకెళ్ళి చివరి గదిలో పెట్టి తలుపు వేశాడు. గోల రెట్టింపయింది. గుంపు కనపడకుండా పోయిందిగదా! మధ్యాహ్నం దుప్పటి కప్పాడు. అప్పటికి ఊరుకుని, దుప్పటి తియ్యగానే బాకీ మొత్తం వడ్డీతో సహా తీర్చుకున్నాయి. చివరకు పక్షివైద్యుడి సలహామీద పంజరం తిరిగి హాల్లోకి వచ్చింది. రాత్రి ఏడింటినుంచి ఉదయం ఆరున్నర దాకా మందపు తెరల వెనక చీకటి, పగలు కొరకడానికి వేపపుల్లలూ మొక్కజొన్న కండెలూ ఇచ్చారు. గోల సగానికి తగ్గింది. ఆ మిగిలిన సగం చాలు కింద కుర్రవాడి చదువు చెడడానికి. ఆఖరికి నూజివీడు దగ్గర మామిడితోటలో ఇల్లు కట్టుకున్న స్నేహితుడికి, పెద్ద వలగది కట్టే షరతుమీద, పక్షులను అప్పగించారు. ఆవిడ రెండురోజులు అన్నం సరిగా తినలేదని ఆయన చెప్పాడు. ఇప్పుడు ఆ హాల్లో నాలుగు బడ్జీలున్నాయి. కింది ఇల్లాలు వాటికి కొర్రకంకులు తెచ్చి పెడుతూ ఉంటుంది. కన్యూర్లలోనే గ్రీన్‌చీక్ అనే జాతి గొంతు దీనికంటే ఎంతో నెమ్మది. ఆ సంగతి ముందే ఎవరైనా చెప్పి ఉంటే ఇంత తతంగం ఉండేది కాదు.

పెద్ద పక్షుల్లో ఆఫ్రికన్ గ్రే పేరు అందరూ విన్నదే. బూడిదరంగు ఒళ్ళు, ఎర్రతోక. ఐరీన్ పెపర్‌బర్గ్ అనే శాస్త్రజ్ఞురాలు 1977లో షికాగోలో ఒక పెంపుడు జంతువుల దుకాణంలో కొన్న గ్రేకు అలెక్స్ అని పేరు పెట్టి, 2007లో అది చనిపోయేవరకు చదువు చెప్పింది. వస్తువుల పేర్లూ, రంగులూ, ఆకారాలూ, చిన్నచిన్న అంకెలూ దానికి తెలుసు. గ్రే అరుపు మకావ్ అరుపంత భయంకరం కాదు. దానితో వచ్చే చిక్కు వేరు. అది ఇంటి చప్పుళ్ళన్నీ తనవి చేసుకుంటుంది. కాలింగ్‌బెల్ మోగుతుంది, వెళ్ళి చూస్తే ఎవరూ ఉండరు. ఫోను మోగుతుంది, తీస్తే మోగలేదు. కుక్కర్ మూడు కూతలు కూసిందని స్టవ్ కట్టేసిన ఇల్లాలికి పప్పు పలుకుగానే మిగులుతుంది, అందులో రెండు కూతలు చిలుకవి! కూత నేర్చుకున్న గ్రే దాన్ని కుక్కరంత గట్టిగానూ కూస్తుంది.

మాటలూ అంతే. కోపంలో అన్న మాట మనం మరచిపోతాం, గ్రే మరచిపోదు. ఇంగ్లండులో లింకన్‌షైర్ వన్యప్రాణి పార్కుకు 2020లో ఐదు గ్రేలు వేర్వేరు ఇళ్ళనుంచి వచ్చాయి. ఐదింటినీ కొన్నాళ్ళు ఒకే గదిలో ఉంచితే, ఒకటి బూతు తిట్టడం, మిగిలినవి పకపక నవ్వడం మొదలుపెట్టాయి. చూడవచ్చినవాళ్ళు నవ్వితే వాటికి మరీ హుషారు. పిల్లలు వస్తారుగదా అని పార్కువాళ్ళు వాటిని విడదీసి వేరువేరు గుంపుల్లో కలిపారు. పెళ్ళికావలసిన పిల్లలున్న ఇళ్ళలో గ్రేను పెంచేవాళ్ళు పెళ్ళిచూపుల రోజున దాన్ని వేరేచోట ఉంచడం మంచిది.

మకావ్, కాకటూలను గురించి ఎక్కువ చెప్పను. మకావ్ కిలో బరువుండే రాజసమైన పక్షి. దాని కేక అమెజాన్ అడవుల్లో చాలాదూరం పోవడానికి ఏర్పడింది. పది అడుగుల గదిలో ఆ కేక ఎక్కడికి పోతుంది? తెల్లటి కాకటూ, అందులోనూ ఇండొనేషియాలోని మలుకు ద్వీపాలది, పెంపుడు పక్షులన్నిటిలోకీ పెద్దగొంతుదని పేరుపడింది. ఒక్కదాన్నే వదిలేసి ఉద్యోగాలకు వెళ్ళే ఇంట్లో అయితే అరిచి అరిచి, తరవాత తన ఈకలు తనే పీక్కుంటుంది. రొమ్ము బోడిగా ఉన్న కాకటూను చూస్తే గోలకు విసుక్కునేవాళ్ళకు కూడా నోట మాట రాదు. అపార్టుమెంటులో ఈ రెండు జాతులనూ పెంచకూడదని నా గట్టి అభిప్రాయం. దీనికి మినహాయింపులు చెప్పే మిత్రులున్నారు. వాళ్ళ పక్కింటివాళ్ళతో నేను మాట్లాడాను.

చట్టం సంగతి ఇక్కడే చెప్పాలి. 2024లో వచ్చిన నియమాల ప్రకారం, అంతర్జాతీయ ఒప్పందపు పట్టికల్లో ఉన్న విదేశీ జాతులను పెంచేవాళ్ళు వాటి వివరాలను పరివేష్ అనే ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు చేయించాలి. సన్ కన్యూర్, గ్రే, మకావ్, కాకటూ అన్నీ ఆ పట్టికల్లో ఉన్నవే. బడ్జీ, కాక్‌టీల్ లేవు. కాగితాలు లేకుండా "ముందు తీసుకెళ్ళండి, తరవాత చూద్దాం" అనే దుకాణదారుడి దగ్గర కొనకండి.

ఇప్పటికే గట్టిగొంతు పక్షి ఇంట్లో ఉన్నవాళ్ళు ఏం చెయ్యాలి? మొట్టమొదట, అరుపుకు అరుపు జవాబివ్వడం మానాలి. అరిచినప్పుడు పరుగెత్తుకుని పోవడమూ మానాలి. మీరు గదిలోంచి వెళ్ళేటప్పుడు చిన్న ఈల వేసి వెళ్ళండి. లోపలినుంచి మళ్ళీ అదే ఈల వినిపించండి. కొన్నాళ్ళకు పక్షి కేక మాని ఆ ఈలతోనే మిమ్మల్ని పిలుస్తుంది. గుంపు క్షేమంగా ఉందని తెలిస్తే దానికి చాలు. కేక మధ్యలో ఆగి, మెల్లగా ఒక మాటన్నా కూసినా, ఆ క్షణాన వెళ్ళి మెచ్చుకోవాలి. ఇది ఒకరు చేసి మరొకరు చెడగొడితే ప్రయోజనం లేదు. ఇంట్లో తాతగారు జాలిపడి కేకకొక జీడిపప్పు ఇస్తూ ఉంటే మిగిలినవాళ్ళ శ్రమ వృథా. నిద్ర పది పన్నెండు గంటలు ఉండాలి. మనం రాత్రి పదకొండుదాకా సీరియళ్ళు చూసే హాల్లో పంజరముంటే పక్షికి నిద్ర చాలక మర్నాడంతా చిరచిరలాడుతుంది. గింజలు గిన్నెలో పోసి పెట్టేకంటే కాగితం పొట్లాల్లో, కంకుల్లో దాచి పెడితే వెతుక్కుంటూ గంటలు గడుపుతుంది. నోటినిండా పని ఉన్నప్పుడు అరవదు. ఇంతచేసినా పొద్దున పావుగంట, సాయంత్రం పావుగంట అరుస్తుంది. దాన్ని మాన్పించే విద్య లేదు. ఆ వేళకు కిటికీ తలుపులు మూయడమూ, పక్కింటివాళ్ళకు ముందుగా ఒకమాట చెప్పి ఉంచడమూ మన చేతిలో ఉన్నవి.

కొత్తగా కొనదలచినవాళ్ళు దుకాణానికి మధ్యాహ్నం రెండింటికి వెళ్ళవద్దు. ఆ వేళ చిలుకలన్నీ ఈకలు ఉబ్బించుకుని కునుకు తీస్తుంటాయి. అంగడివాడు "చూశారా అండీ, ఎంత సాధువో" అంటాడు. అది అబద్ధం కాదు, ఆ గంటకు నిజమే. సాయంత్రం ఐదున్నరకు వెళ్ళండి. అంతకంటే మేలు, అదే జాతి పక్షిని రెండేళ్ళుగా పెంచుతున్న ఇంటికి వెళ్ళి, చీకటి పడేదాకా కూర్చుని కాఫీ తాగి రండి. ఇంట్లో చంటిపిల్లలో, పరీక్షల పిల్లలో, నిద్రపట్టని పెద్దవాళ్ళో ఉంటే వాళ్ళనూ వెంటబెట్టుకుని వెళ్ళండి. రెండోచేతి పక్షి, పంజరంతో సహా, చవగ్గా వస్తోందంటే మాత్రం ఎందుకు అమ్ముతున్నారో అడగండి. "బదిలీ అయిందండీ" అంటారు. బదిలీ ఏ ఊరికో కూడా అడగండి.